తల్లికి వినబడే బరువు

కుర్చీ లేని ఉద్యోగం

మా పక్కింటివాళ్ల బంధువులమ్మాయి ఒకతె పిల్లల క్యాన్సర్ వార్డులో కౌన్సెలర్‌గా చేరబోతోంది. చేరేముందు ముప్పుతిప్పలు పడినవాళ్లను అడిగి తెలుసుకోమని ఎవరో చెప్పారట, మా ఇంటికి వచ్చింది. ఏమేం పుస్తకాలు చదవాలి ఆంటీ అని అడిగింది. పుస్తకాలు తర్వాత చూద్దాం గానీ, ముందు కూర్చోవడానికి ఒక కుర్చీ సంపాదించుకో తల్లీ అన్నాను. నవ్వింది. నేనేం హాస్యమాడలేదు. ఆ పిల్ల టీ తాగి వెళ్లిపోయాక, కుర్చీ మాటొక్కటే చెప్పి పంపడం అన్యాయం అనిపించింది. అందుకని ఇది రాస్తున్నాను.

వరంగల్‌లో నేను పనిచేసిన ఆసుపత్రిలో నాకిచ్చిన గది అసలు గది కాదు. విరిగిన చక్రాల కుర్చీలు, ఖాళీ ఆక్సిజన్ సిలిండర్లు, తిరగని కూలరు పెట్టుకునే చోటు. వాటి మధ్య నన్నూ పెట్టారు; కూర్చుంటే ఆ విరిగిన కుర్చీల్లోనే కూర్చోవాలి. తలుపు మీద ‘కౌన్సెలింగ్’ అని బోర్డు తగిలించారు. ఆ బోర్డు చూసి మొదటి వారమే ఒకాయన కొడుకు ఎంసెట్ ర్యాంకు కార్డు పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. ఇది ఆ కౌన్సెలింగ్ కాదయ్యా అంటే లేవడే. చదువుకున్నోళ్లు గదా, ఏ కాలేజీ మంచిదో ఓ మాట చెప్పమంటాడు. వదిలేలా లేడని నాకు తోచిందేదో చెప్పి పంపించాను. తర్వాత కొడుక్కి సీటొచ్చిందని బాలూషాలు తెచ్చిచ్చాడు. నా సర్వీసులో అంత సులువుగా తేలిన కేసు ఇంకోటి లేదు.

నేను మందు రాయను, సూది వేయను, రిపోర్టు చదవను. మరి నేనేం చేస్తానో వార్డులో ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఒకసారి ఇద్దరు తల్లులు నా ముందే మాట్లాడుకున్నారు.

“ఈ మేడం ఏం జేస్తది?”

“మాట్లాడ్తది.”

“గంతేనా?”

“గంతే.”

ఇంతకన్నా బాగా నా ఉద్యోగాన్ని ఏ అధికారీ వర్ణించలేదు. కానీ ఆ మాట్లాడటం ఎందుకో నువ్వు తెలుసుకోవాలి. పిల్లల క్యాన్సర్‌కు వైద్యం నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి సాగుతుంది. మధ్యలో విసిగిపోయి, భయపడి, అలిగి ఇంటికి వెళ్లిపోయే కుటుంబాలుంటాయి. నయం కావాల్సిన పిల్లలు కూడా అలా వెళ్లిపోయి దక్కకుండా పోయారు. వాళ్లను గేటు దాటకుండా ఆపడమే నీ పని. ఎలా ఆపుతావన్నది నీ ఇష్టం.

వరండా చదువు

డాక్టర్లు ఏ మాటైనా ఒక్కసారి చెబుతారు, అదీ సగం ఇంగ్లీషులో. వరండా అదే మాటను రోజంతా తెలుగులో చెబుతుంది. చివరికి జనం నమ్మేది వరండానే. కొత్తగా చేరినవాళ్లు డాక్టర్ల వెంట తిరుగుతారు. నువ్వు మాత్రం వరండాలో తిరుగు.

మా పెద్ద డాక్టరు మంచివాడు. పిల్లల కోసం ప్రాణం పెట్టేవాడు. కానీ ఆయన గొంతు మైకు, కోపం ముక్కు మీద. దానికి తోడు బరువు పిచ్చి. పొద్దున్నే వార్డులోకి వస్తూనే పిల్లల మొహాలకన్నా ముందు తూకం అంకెలు చూసేవాడు. ఈ జబ్బులో మందు మోతాదును పిల్ల బరువు, ఎత్తు చూసి లెక్కగడతారు కాబట్టి ఆ పిచ్చికి అర్థముంది. ఒకనాడు ఒక తల్లి పిల్లాడికి అన్నం సరిగ్గా పెట్టడం లేదని కోపమొచ్చి, బరువు తగ్గితే వైద్యం ఆపేస్తా జాగ్రత్త అని గద్దించాడు. ఆయన ఉత్తుత్తికే అన్నాడు. వరండాకు ఉత్తుత్తి మాటలు తెలియవు. సాయంత్రానికల్లా బరువు తగ్గిన పిల్లను బయటికి పంపుతారన్నది వార్డు చట్టమైపోయింది.

మర్నాటినుంచి తూకం వేసే గది ముందు విడ్డూరాలు మొదలయ్యాయి. ఒక పిల్లాడు చెంబెడు నీళ్లు తాగి కడుపు పట్టుకుని నిలబడేవాడు. ఒకడి నిక్కరు జేబుల్లో నాన్న ఫోనూ, మామ ఫోనూ ఉండేవి. ఒక పసిదానికి ఎండాకాలంలో స్వెట్టరు తొడిగారు. తూకం వేసే నర్సు సుగుణ వీటన్నిటినీ పట్టుకుని విప్పించి తిట్టేది. ఆమె పట్టుకోలేనిది ఒక్కటే ఉంది. అది నర్సవ్వ రాయి.

నర్సవ్వ గటక

నర్సవ్వది ములుగు అవతల అడవిని ఆనుకున్న ఊరు. ఆమె మనవరాలు అక్షితకు ఆరేళ్లు, బ్లడ్ క్యాన్సర్. కొడుకు కొమురయ్య ములుగు రూట్లో ప్యాసింజరు జీపు నడిపేవాడు. కోడలు రజిత చంటిపిల్లతో ఇంటి దగ్గర ఉండేది. అందుకని వార్డులో అక్షితకు అన్నీ నర్సవ్వే.

అక్షిత బరువు తగ్గేది కాదు. పక్క మంచాల పిల్లలు ఒక వారం పెరిగి ఒక వారం తరిగేవాళ్లు. అక్షిత అంకె మాత్రం చేరిన రోజు ఎంతుందో అంతే, ఏ వారం చూసినా అదే. పెద్ద డాక్టరుకు పట్టరాని సంతోషం. రౌండ్లకొచ్చినప్పుడల్లా అందరినీ పిలిచి, చూడండి, ఈ అవ్వను చూసి నేర్చుకోండి అనేవాడు. పిల్ల చేతులు పుల్లల్లా ఉన్నాయని నాకు కనబడేది. అడిగితే, ఒళ్లు అట్టిదే మేడం, మా మామది గూడ గట్లనే ఉండె అనేది నర్సవ్వ. అంకె చూస్తే నిలకడగా ఉంది, ఇంకేమంటాం?

మిగతా తల్లులు నర్సవ్వ చుట్టూ చేరారు. ఏం పెడుతున్నావు, ఎట్ల పెడుతున్నావని ఒకటే పోరు. నిజం చెప్పలేక నర్సవ్వ నోటికొచ్చింది చెప్పడం మొదలుపెట్టింది. పొద్దున జొన్నరవ్వ వండిన గటక, దానిలోకి ఉడికించిన తోటకూర, మధ్యాహ్నం గుడ్డు, సాయంత్రం పల్లీలు దంచి బెల్లంతో ముద్ద. తల్లులు తు.చ. తప్పకుండా పాటించారు. చూస్తుండగానే వార్డులో పిల్లలందరూ ఒళ్లు చేశారు. అక్షిత ఒక్కతే తప్ప. ఆ పిల్ల నోరంతా పూసి, మెతుకు మింగితే ఏడ్చేది. మాటిమాటికీ జ్వరం, రక్తకణాలు పడిపోవడం. ఇంత బాగా తినే పిల్లకు ఇలా ఎందుకవుతోందని డాక్టరు తల పట్టుకునేవాడు.

శాలువా సభ

ఒక తూకం రోజున పోషకాహారం మీద ఆసుపత్రిలో సభ పెట్టారు. ముఖ్య అతిథి ఒక నాయకుడు. ఆదర్శ సంరక్షకురాలిగా నర్సవ్వకు సన్మానమన్నారు. వద్దంటే వద్దని నర్సవ్వ నా కాళ్లా వేళ్లా పడింది. పల్లెటూరి బిడియం కాబోలనుకుని నేనే చెయ్యిపట్టి వేదిక ఎక్కించాను.

శాలువా కప్పారు. జ్ఞాపిక ఇచ్చారు. ఫొటోలు తీసేవాళ్లు ఇంకా ఏదో కావాలన్నట్టు చూస్తుండగా, పెద్ద డాక్టరుకు ఉత్సాహం ఆగక తూకం యంత్రాన్ని వేదిక మీదికే తెప్పించాడు. జనం ముందే పాప బరువు చూపిద్దామన్నాడు. నాయకుడు కెమెరాల వైపు నవ్వుతూ అక్షితను చంకల కింద పట్టుకుని పైకెత్తాడు. లంగా నడుము దగ్గర గుడ్డముడి వదులై, లోపలినుంచి నున్నటి వాగు రాయి ఒకటి జారి, సరిగ్గా ఆయన బొటనవేలి మీద పడింది.

ఆయన అరిచిన అరుపు రాయను. సభ మొత్తం లేచి నిలబడింది. అంత గోలలోనూ అక్షిత గొంతు స్పష్టంగా వినిపించింది.

“అవ్వా, తల్లి రాయి కింద పడ్డది.”

తర్వాత తెలిసిందేమంటే, నర్సవ్వ దగ్గర ఒక్క రాయి కాదు, సంచెడు రాళ్లున్నాయి. తూకం రోజున పొద్దున్నే పిల్లను తీసుకుని ఆసుపత్రి ఎదురుగా ఉన్న పాత సామాన్ల దుకాణానికి పోయి, అక్కడి కాంటా మీద తూచి, ఎంత తగ్గిందో అంత రాయి ఏరి నడుముకు కట్టేది. అప్పుడు వేదిక మీద మాత్రం పెద్ద డాక్టరు గబగబా అక్షిత కాగితాలు తిరగేశాడు. ఆయన మొహం పాలిపోయింది. ఇన్నాళ్లూ పిల్లకూ రాయికీ కలిపి మందు ఎక్కించామన్నమాట. రాయి పెరిగింది, పిల్ల ఒంటికి మందు ఎక్కువైంది, నోరు పూసింది, తిండి తగ్గింది, పిల్ల చిక్కింది, కాబట్టి మళ్లీ రాయి పెరిగింది. జ్వరాలన్నీ రాయివల్లేనని ఆయన అనలేదు. కొంత మాత్రం కచ్చితంగా రాయిదే అన్నాడు. ఇక నోరు విప్పాడు. వేదిక మీదే, మైకు ముందే, చేతిలో జ్ఞాపికతో నిలబడ్డ ముసలావిడను నానా మాటలూ అన్నాడు.

నర్సవ్వ శాలువా మడతపెట్టి కుర్చీ మీద పెట్టింది. పిల్లను చంకనేసుకుని దిగిపోయింది.

జీపులో

ఆ రాయి ఏం చేయాలో ఎవరికీ తోచక నా చేతిలో పెట్టారు. దాన్ని పట్టుకునే నేను వార్డుకు పరుగెత్తాను. అప్పటికే మంచం ఖాళీ. సంచులు, చాప, గిన్నెలు అన్నీ సర్దేసుకున్నారు. గేటు బయట కొమురయ్య జీపు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. వరంగల్ అడ్డా మీదే ఉన్నాడట, తల్లి ఫోన్ చేసి పిలిస్తే వచ్చాడు. ఖాళీగా పోవడం దండగని పనిలో పనిగా ములుగు ప్యాసింజర్లను కూడా ఎక్కించుకున్నాడు. వెనక నలుగురు ఆడవాళ్లు, ఒక మేకల బేరగాడు, అతని మేక. మధ్యలో నర్సవ్వ ఒళ్లో అక్షిత, తలకు రుమాలు కట్టుకుని.

ఈ జీపు కదిలితే ఆ పిల్ల తిరిగిరాదని నాకు తెలుసు. నాకింకేం తోచలేదు. ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాను. దిగండి మేడం, టైమైతాందన్నాడు కొమురయ్య. దిగనన్నాను. రాయి మాకిచ్చెయ్యమంది నర్సవ్వ. పిల్లను దించితే రాయి ఇస్తానన్నాను. ముప్పై ఏళ్ల సర్వీసున్న దాన్ని, నడిరోడ్డు మీద రాయి ఒళ్లో పెట్టుకుని బేరమాడుతున్నాను. వెనక మేక అరుస్తోంది.

అప్పుడు చెప్పింది నర్సవ్వ. జబ్బు బయటపడ్డ రోజునే సమ్మక్క తల్లికి మొక్కింది. పిల్ల బతికి బట్టగడితే మేడారం తోల్కపోయి పిల్లెత్తు బంగారం ఇస్తానని. మా వైపు తల్లికిచ్చే బెల్లాన్ని బంగారమంటారు, పిల్లెత్తంటే పిల్ల తూగినంత. మరి పిల్ల తగ్గిపోతుంటే మొక్కు కూడా తగ్గుతున్నట్టే కదా, అందుకే రాళ్లు కట్టానంది. ఇంతేనా అనుకుని నాకు ఒళ్లు మండింది. ఆఖర్న పది కిలోలు ఎక్కువే ఇవ్వవచ్చు గదా నర్సవ్వా, దీనికి పిల్ల ప్రాణం మీదికి తేవాలా అన్నాను.

ఆమె నావైపు చూడలేదు. పిల్ల తల నిమురుతూ అన్నది.

“బెల్లం తల్లికేం తక్వ బిడ్డా. బెల్లం ఫికర్ గాదు నాకు. పిల్ల కరిగిపోతాందని తల్లికి ఎర్కైతే, ఇగ ఇది భూమ్మీద నిలువది, నా దగ్గరికే రానియ్యిలే అని పిలుసుకుంటదేమోనని బయం. మస్తు మందిని సూసిన. అందుకే తల్లికి తెల్వకుంట దాసిన.”

కొమురయ్య ఇంజను ఆపేశాడు. నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆ వార్డులో ఏ తల్లి గుండెలో లేని భయం అది? అయినా నోరు ఊరుకోదు కదా, డాక్టరుకు అసలు బరువు కావాలి నర్సవ్వా, అది లేకుండా మందు విషమైతది అన్నాను. తల్లికి అది తెలియొద్దు అంది ఆమె. డాక్టరుకు తెలియాలి, తల్లికి తెలియకూడదు. ఇక అక్కడే ఆగిపోయాం ఇద్దరం.

జీపంతా చర్చలోకి దిగింది. తల్లికి అన్నీ తెలుస్తాయని ఒకామె, పనుల్లో ఉండి కొన్ని చూడదని ఇంకొకామె. మేకల బేరగాడు మేక మెడ తాడు సవరిస్తూ తేల్చేశాడు.

“అడ్తిల పంట తూసుడు సూడలేదా అవ్వా? రాసుకునేదొకటి, గట్టిగ ఒర్రేదొకటి. సారు రాసుకునేది సారును రాసుకోనియ్యి. తల్లికి ఇనవడేటట్టు నీ లెక్క ఒర్రుమను.”

ఆ ఉపాయం నాది కాదు, మేకల బేరగాడిది. తర్వాత ఎన్నో మీటింగుల్లో నాదేనని చెప్పుకున్నాను.

నర్సవ్వ అక్షిత తల రుమాలు సరిచేసింది. సారు ఒర్రుతాడా అని అడిగింది. ఒర్రిస్తానన్నాను. అక్షిత మేకకు టాటా చెప్పి జీపు దిగింది.

రెండు తూకాలు

పెద్ద డాక్టరు ఎగిరిపడ్డాడు. దేవుడితో అబద్ధమాడమంటావా, నేను సైన్సు చదువుకున్నవాణ్ని, నా వార్డులో ఒక పిల్లకు రెండు బరువులేమిటని గంతులేశాడు. ఆయన కారు ముందు నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతుంటాయి. అవి ఏ సైన్సు సార్ అని అడిగాను. కిటికీలోంచి కారు వైపు చూసి, సరే కానీ అన్నాడు. పై అధికారితో వాదించాల్సొస్తే ముందు ఆయన కారు చూసి రా. ఇది నా సలహా.

అప్పటినుంచి అక్షితకు రెండు తూకాలు. మొదట పల్చటి గౌనుతో ఉత్త పిల్ల. సుగుణ అంకె చూసి నోరు మూసుకుని రాసుకోవాలి. తర్వాత పిల్ల చేతికి రాయి ఇస్తారు. ఆ అంకెను పైకి చదవాలి. మొదటిరోజు సుగుణ సిగ్గుపడుతూ మెల్లగా చదివింది. గట్లంటే వరండాలకే ఇనవడది, మేడారం దాకా ఏం పోతదని నర్సవ్వ పేచీ పెట్టింది. చివరికి ఆసుపత్రిలోకెల్లా పెద్ద గొంతు ఎవరిదో అందరికీ తెలుసు కాబట్టి ఆ డ్యూటీ పెద్ద డాక్టరు మీద పడింది. అన్ని డిగ్రీలున్న మనిషి తూకం గది గుమ్మంలో నిలబడి, తూర్పు దిక్కుకు తిరిగి, పిల్లా రాయీ కలిపిన బరువును వీధి వీధంతా వినబడేలా అరిచేవాడు. మొదట్లో పళ్లు కొరుకుతూ అరిచేవాడు. రానురాను ఇంట్లో మనిషి ఊరికెళ్తుంటే బస్సు కిటికీ దగ్గర కేకేసినంత ప్రేమగా అరిచాడు.

అసలు బరువుకు మందు లెక్కగట్టాక అక్షిత నోటిపూత తగ్గింది. నెమ్మదిగా గటక తినడం మొదలుపెట్టింది. పిల్ల పెరుగుతుంటే నర్సవ్వ రాళ్లు చిన్నవవుతూ వచ్చాయి. చివరికి చింతగింజంత గులకరాయి మిగిలింది. ఇక ఎందుకు నర్సవ్వా అంటే వినదు. ఉండనీ మేడం, దానికేం తిండి పెట్టాల్నా అనేది.

ఈ వార్డులో అందరూ బతికి బయటపడ్డారని రాస్తే అబద్ధం. గటక తిని ఒళ్లు చేసిన పిల్లల్లో కూడా కొందరు లేరిప్పుడు. వాళ్ల పేర్లు నాకింకా నోటికి వస్తాయి. అది నువ్వు ఏ పుస్తకం చదివినా నేర్చుకోలేవు, భరించడమే.

ములుగులో కాంటా

వైద్యం పూర్తయి, చాలాకాలం పరీక్షల్లో ఏమీ కనబడకపోయాక, మొక్కు చెల్లించుకోవచ్చని డాక్టరు ఒప్పుకున్నాడు. జాతర జనంలో మాత్రం వద్దన్నాడు. మామూలు రోజున పోదామని నర్సవ్వ నన్నూ రమ్మంది. అదే జీపు. ఈసారి ప్యాసింజర్లను ఎక్కించుకోలేదని కొమురయ్య పదేపదే చెప్పాడు. రజిత చిన్నపిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. అక్షిత జుట్టు భుజాల దాకా పెరిగింది, రెండు జడలేశారు. రెండు జడలకూ వేరువేరు రంగు రిబ్బన్లు, అదేం పట్టింపో.

ములుగులో బెల్లం దుకాణం దగ్గర ఆగాం. షావుకారు పెద్ద కాంటా బయటికి తీశాడు. ఒక పళ్లెంలో అక్షిత బాసింపట్టు వేసుకుని కూర్చుంది. రెండో పళ్లెంలో బెల్లం ముద్దలు పేర్చసాగాడు. అంతలో నర్సవ్వ ఆగమంది. అక్షిత నడుము దగ్గర ముడి విప్పి, ఆ గులకరాయి తీసి, రోడ్డవతలికి విసిరేసింది. తర్వాత పిల్ల గౌను జేబులు రెండూ బయటికి లాగి షావుకారుకు చూపించింది. లేచి నిలబెట్టి కుచ్చెళ్లు దులిపింది. చెప్పులు కూడా విప్పించింది. ఎవరడిగారమ్మా ఇవన్నీ అని షావుకారు బిత్తరపోయాడు. సరిగ్గ సూస్కో, ఏం లేదంది ఆమె.

పళ్లేలు సమానమయ్యాయి. షావుకారు బరువేదో గొణిగాడు. నర్సవ్వకు చాల్లేదు. నావైపు తిరిగింది.

“నువ్వొర్రు బిడ్డా. తల్లికి ఇనవడాలె.”

మాట్లాడటమే ఉద్యోగమైనదాన్ని. ఎందరినో మాటలతోనే గేటు దగ్గర ఆపినదాన్ని. నోరు తెరిచాను, గాలి తప్ప ఏమీ రాలేదు. కళ్లనుంచి మాత్రం ధారలు. నర్సవ్వ నాకోసం చూస్తోంది, షావుకారు చూస్తున్నాడు, రోడ్డున పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు.

ఇక లాభం లేదనుకుందేమో, పళ్లెంలో కూర్చున్న అక్షిత గొలుసులు రెండు చేతులతో పట్టుకుని, మేడారం దిక్కుకు తల తిప్పి, అచ్చం పెద్ద డాక్టరులాగే అరిచింది.

“ఇర్వై ఒక్క కిలోలు. రాయి లేదు తల్లీ, ఉత్త నేనే.”